మా పాత పోస్టాఫీసు నిజాముది కాదు, ఆముదాలది

నా షాపు విజిటింగ్ కార్డు మీద అడ్రసు ఒక్క ముక్కలో ఉంటుంది: పాత పోస్టాఫీసు ఎదురుగా. జిరాక్సు, లామినేషన్, ఆన్‌లైన్ దరఖాస్తులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే షటరు ఎత్తి వెనక్కి తిరిగితే మొదట కంటపడేది ఆ బిల్డింగే. పోయిన నెల దాని ముందు జేసీబీ వచ్చి ఆగింది.

ఊరి పేరు రాయట్లేదు. కల్వకుర్తికీ దేవరకొండకూ మధ్య ఎక్కడో అనుకోండి. ఆ ఇంటి వారసుల మధ్య కేసు చాలా ఏళ్లు నడిచి ఈమధ్యే తెగింది. మళ్లీ నా రాతతో ఇంకో పంచాయితీ పుట్టడం నాకిష్టం లేదు. అందులో ఇద్దరు నా షాపులోనే జిరాక్సులు తీయించుకుంటారు, అదీ వేరువేరు టైముల్లో వచ్చి.

జేసీబీ వచ్చిందని తెలియగానే మా ఊరి వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. హైదరాబాదులో సెటిలైనవాళ్లు, అమెరికాలో ఉన్నవాళ్లు, పదేళ్లుగా ఊరి మొహం చూడనివాళ్లు అందరూ ఒకటే మాట. 'నూటయాభై ఏళ్ల నిజాం కాలం పోస్టాఫీసు, కూలగొడుతుంటే చూస్తూ ఊరుకుంటారా?' ఒకాయన ఏకంగా దర్వాజ మీద నిజాం సర్కారు గుర్తు ఉందని, దాని చుట్టూ ఎర్రగీత గీసిన ఫొటో పెట్టాడు. దానికి అరవై దండాలు, నలభై ఏడుపు బొమ్మలు.

నేనూ చిన్నప్పటి నుంచి నిజాం పోస్టాఫీసు అనే విన్నాను. అనుమానం రాలేదు. కానీ ఎర్రగీత చూశాక తెలుసుకోవాలనిపించింది. షాపు ఎదురుగా పెట్టుకుని ఇన్నేళ్లు ఒక్కసారి కూడా ఆ గుర్తు వైపు సరిగ్గా చూడలేదు మరి.

ఆ గుర్తు ఏమిటంటే, దర్వాజకు ఓ మూరెడు పైన గోడలో గుండ్రంగా ఉబ్బిన సున్నపు బిళ్ల. అన్నం పళ్లెమంత ఉంటుంది. అది కుల్చా అని మావాళ్ల వాదన. ఆసఫ్‌జాహీల పసుపు జెండా మధ్యలో గుండ్రటి గుర్తు ఉండేది కదా, దాన్ని కుల్చా రొట్టె అంటారు. మొదటి నిజాం ఒక సూఫీ దగ్గరికి ఆకలితో పోతే ఆయన కుల్చాలు పెట్టాడనీ, ఏడు తిన్నాడనీ, ఏడు తరాలు ఏలుతావని దీవించాడనీ కథ. అంత గొప్ప కుల్చా మా ఊరి గోడ మీద ఉందంటే ఎవరికైనా ముచ్చటే.

కరెంటు పనిచేసే పిల్లగాడి దగ్గర నిచ్చెన అడిగి తెచ్చుకుని ఆదివారం పొద్దున ఎక్కాను. కింద చాయ్ హోటల్ ముందు నలుగురు చేరారు.

"ఏం సారూ, ఆడేం సూస్తున్నవ్? బంగారముందా?"

"కుల్చా ఉందంట, చూస్తున్న."

"పొద్దుగాల పొద్దుగాల కుల్చా ఏంది, ఇడ్లీ తిను."

తాళంచెవితో గీకితే సున్నం పొరలు పొరలుగా రాలింది. తెలుపు, లేతనీలం, మళ్లీ తెలుపు, ఓ పొర పసుపు, దాని కింద మళ్లీ నీలం. ఏడు దాకా లెక్కపెట్టాను, ఆపైన చేతిలో పొడి పొడి అయిపోయింది. సున్నం కింద కుండపెంకు తగిలింది. పెంకు కదిపితే ఊడొచ్చింది. వెనక ఖాళీ. చెయ్యి పెడితే పిచ్చుక గూడు తాలూకు గడ్డి. అది గాలికోసం పెట్టిన గుండ్రటి కంత. ఎప్పుడో వాన జల్లో, పిచ్చుకల బాధో పడలేక ఎవరో కుండపెంకు అడ్డం పెట్టి సున్నం మెత్తారు. అంతే. కుల్చా కాదు, కుండ.

కింద నుంచి ఎవరో "ఏముంది?" అని అరిచారు. "ఏం లేదు" అన్నాను. దిగబోతూ, పాత రేకు బోర్డు పీకేసిన చోట చూశాను. పోస్టాఫీసు అని మూడు భాషల్లో రాసిన రేకు బోర్డు దర్వాజ పైచెక్కకు అడ్డంగా కొట్టి ఉండేది. ఆఫీసు మారినప్పుడు దాన్ని తీసుకుపోయారు. బోర్డు ఉన్నంత మేర చెక్క ఎండ తగలక కొత్తదానిలా ఉంది. దాని నడుమ ఉలితో చెక్కిన అక్షరం, అంకెలు. ఒక శ్రీ, దాని పక్కన ౧౩౬౩.

నేను పుట్టిన దగ్గర్నుంచి ఆ అంకె నా నెత్తి మీదే ఉంది. బోర్డు కింద.

ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. తప్పు చేశాను. రెండు రోజులు ఫోను వేడిగానే ఉంది. ఒక రిటైర్డ్ ఉర్దూ సారు 'ఇది హిజ్రీ, 1363 హిజ్రీ అంటే 1944, అంటే నిజాం కాలమే' అని తేల్చేశారు. గ్రూపంతా ఊపిరి పీల్చుకుంది. నూటయాభై ఏళ్లు కాస్తా ఎనభై ఏళ్లకు తగ్గినా, నిజాం మిగిలాడు కదా అని.

నాకు మాత్రం ఓ ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. శ్రీ అని చెక్కించినవాడు, తెలుగు అంకెలు వేయించినవాడు హిజ్రీ లెక్క ఎందుకు వేస్తాడు? సాయంత్రం షాపు మూసి, పాత పట్వారీ ఇంటి పెద్దాయన దగ్గరికి పోయాను. ఎనభై అయిదు దాటాయి, చెవులు వినపడవు, కళ్లు మాత్రం బాగున్నాయి. ఫోనులో ఫొటో పెద్దది చేసి చూపించాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఇది ఫస్లీ బిడ్డా. సావుకారు హిజ్రీ ఎందుకు చెక్కిస్తడు? శిస్తు ఫస్లీల కట్టాలె, పహాణీ ఫస్లీల రాయాలె, అప్పు కాయితం ఫస్లీల రాయాలె. ఆయనకు తెల్సిన సంవత్సరం గదొక్కటే."

ఫస్లీ అంటే పంటల సంవత్సరం. హిజ్రీ చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పంట అట్లా జరగదు కదా. పంట ఇంటికి రాకముందే శిస్తు అడిగితే రైతు ఎక్కడ తెస్తాడు? అందుకే అక్బరు కాలంలో శిస్తు వసూలుకు వేరే లెక్క పెట్టారు. మా వైపు దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1363కు 590 కలపండి. 1953.

అంటే బిల్డింగు కట్టేనాటికి, నిజాం రాజ్యాన్ని ఇండియాలో కలిపిన 1948 పోలీసు యాక్షన్ జరిగి అయిదేళ్లు. నిజాం సర్కారు పోస్టు 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసిపోయి మూడేళ్లు. మా నిజాం పోస్టాఫీసును నిజాం సర్కారు పోస్టు ఒక్క రోజు కూడా వాడలేదు.

ఈ మాట గ్రూపులో పెట్టలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మరి నిజాం కాలంలో పోస్టు లేదా అంటే ఉంది. మా తాత దాన్ని టప్పా అనేవాడు, ఆఫీసును టప్పాఖానా అనేవాడు. అది కచేరి వెనక మర్రిచెట్టు కింద ఒంటిగది అట. ఆ గదీ లేదు, మర్రీ లేదు, అక్కడిప్పుడు నీళ్ల ట్యాంకు ఉంది. తాత చదివింది ఉర్దూ మీడియంలో. పోలీసు యాక్షన్ నాటికి పదిహేడేళ్లు. తన సందుగలో ఒక పాత కవరు దాచుకున్నాడు, అది ఇప్పుడు నా దగ్గరుంది. దాని మీద చార్మినార్ బొమ్మ ఉన్న ఒక అణా స్టాంపు. నిజాం సర్కారు 1869 నుంచీ సొంత స్టాంపులు వేసుకుంది, ఈ చార్మినార్ స్టాంపు మాత్రం 1931లో వచ్చిన రకం. గోటి కంటే కాస్త పెద్దదైన ఆ కాగితం మీద ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు, మరాఠీ, నాలుగు లిపులూ ఉంటాయి. భూతద్దం పెడితే గానీ తెలుగు కనపడదు. ఉంది మాత్రం.

ఆ స్టాంపుకు ఒక చిక్కు ఉండేది. రాజ్యం పొలిమేర దాటితే చెల్లదు. మా తాత మేనత్తను షోలాపూర్ ఇచ్చారు. షోలాపూర్ బొంబాయి రాష్ట్రం కింద, అంటే ఇంగ్లీషువాళ్ల కింద. ఆమెకు ఉత్తరం రాయాలంటే ఇక్కడి స్టాంపు పనికిరాదు. అందుకని ఉత్తరం రాసి, అటు నూలు కోసం పోయే మనిషి చేతికిచ్చి, అక్కడ స్టాంపు కొని డబ్బాలో వేయమనేవాళ్లట. ఆయన మరిచిపోయి జేబులో పెట్టుకుని మళ్లీ ఊరికే తెచ్చిన సందర్భాలూ ఉన్నాయట. ఒక ఉత్తరం మూడుసార్లు షోలాపూర్ పోయి మూడుసార్లూ తిరిగొచ్చిందని తాత నవ్వేవాడు. అందులో పెళ్లి కబురు ఉంది. పిల్ల పుట్టాక చేరింది.

ఇక బిల్డింగు సంగతి. అది సావుకారు ఆముదాల గోదాం. ఇది నేను ఊహించి చెప్పడం కాదు. లోపలికి పోయినవాళ్లు ఎవరైనా ఒప్పుకుంటారు. ముందు దర్వాజ చూడండి, ఎడ్లబండి వెనక్కి పెడితే సరిగ్గా పట్టే వెడల్పు. ఆఫీసుకు అంత దర్వాజ ఎందుకు? పోస్టాఫీసు ఉన్నన్నాళ్లూ ఒక రెక్కే తెరిచేవాళ్లు, రెండో రెక్క వెనక పాత ఫారాల కట్టలు, విరిగిన స్టూళ్లు ఉండేవి. లోపల నడిమి దూలానికి బొటనవేలంత లావు ఇనుప కొక్కెం. కాంటా వేలాడదీసి బస్తాలు తూచిన కొక్కెం అది. దాని లోపలి వంపు అద్దంలా నునుపు. పోస్టాఫీసు వచ్చాక ఆ కొక్కేనికి మొదట పెట్రోమాక్సు, తర్వాత కరెంటు బల్బు వేలాడాయి. మా ఊళ్లో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి రెండూ ఉండేవి.

అసలు సాక్ష్యం కింద షాబాదు బండలు. ఏళ్ల తరబడి ఆముదాల బస్తాలు దించిన బండలు నూనె తాగి నల్లబడిపోయాయి. పోస్టాఫీసు వాళ్లు సోడా వేసి కడిగారు, సున్నం చల్లారు, పోలేదు. ఎండాకాలం మధ్యాహ్నం లోపలికి పోతే ఉత్తరాల వాసన రాదు, బాలింతల గది వాసన వచ్చేది. సంచిలోంచి కుమ్మరించి కింద పేర్చిన ఉత్తరాలు కాసేపు ఆ బండ మీద ఉన్నాయంటే అంచున గుండ్రటి మరక పడేది. మరక పడ్డచోట కాగితం పారదర్శకమై లోపలి అక్షరాలు బయటికి కనపడేవి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మా ఊరి నుంచి వచ్చిన ఉత్తరాన్ని చూడకుండా ముక్కుతోనే పట్టేవాళ్లమని ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఆముదం ఎంత పండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఎర్రనేల, వాన లేకపోయినా తట్టుకునే పంట. ఆ కాలంలో డబ్బంటే ఆముదాలే. అందులో తిరకాసు ఏంటంటే, డబ్బు కూడా రెండు రకాలు. నిజాం హాలీ సిక్కా ఒకటి, ఇంగ్లీషువాళ్ల కల్దారు ఒకటి. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దార్లు. రాజ్యం పోయాక కూడా హాలీ వెంటనే పోలేదు, కొన్నేళ్లు రెండూ పక్కపక్కన నడిచాయి. కచేరిలో ఒక లెక్క, అంగట్లో ఒక లెక్క. పోస్టాఫీసుకు గోదాం కిరాయికి ఇచ్చినప్పుడు సావుకారు మొదట అడిగింది కిరాయి ఎంత అని కాదట, ఏ రూపాయల్లో ఇస్తరు అని.

ఎప్పుడు కిరాయికి ఇచ్చాడు? తాత లెక్క వేరే. 'నాగార్జునసాగర్‌కు నెహ్రూ వచ్చి రాయి ఏసినేడు, ఆ ఎండాకాలం గోదాం ఖాళీ అయింది' అనేవాడు. నందికొండ దగ్గర పునాదిరాయి పడింది 1955 డిసెంబరు 10న. కాబట్టి 55 ఎండాకాలమో 56 ఎండాకాలమో. నాకు ఆ తేడా పెద్ద ముఖ్యం కాదు. ముఖ్యమేమిటంటే సావుకారు వ్యాపారం జడ్చర్లకు మార్చుకున్నాడు, రైలు అక్కడుంది కాబట్టి. ఖాళీ గోదాంలోకి పోస్టు వచ్చింది. ఆయన పోవడం వల్లే ఇది రావడం.

తాతకూ ఆ బిల్డింగుకూ సంబంధం ముందరి అరుగు వరకే. లోపల ఉద్యోగి కాదు. అరుగు మీద గోనెపట్టా వేసుకుని కూర్చుని ఉత్తరాలు రాసిపెట్టేవాడు. చదివి పెట్టడం ఉచితం, రాస్తే పైసలు. మనియార్డరు ఫారం నింపితే ఇంకాస్త. బ్రిల్ సిరా, రెండు పెన్నులు, ఒక కొబ్బరిచిప్పలో తుమ్మబంక. మధ్యాహ్నం నేను సద్ది తీసుకుపోయేవాణ్ణి. ఆయన తినేంతసేపు ఆ బంకలో వేలు ముంచి, ఆరాక తోలులా ఒలుచుకోవడం నా పని.

మావైపు జనం ఎటు పోయారో ఆ అరుగు మీద కూర్చుంటే తెలిసేది. దసరాకు ముందు, ఉగాదికి ముందు బొంబాయి నుంచి, పూణే నుంచి, ఎక్కడో డ్యాం కడుతున్నచోటు నుంచి మనియార్డర్లు. పాలమూరు లేబరు లేని ప్రాజెక్టు దేశంలో లేదని అంటారు, ఎక్కువచేసి చెప్పడమే గానీ మరీ అబద్ధం కాదు. మట్టి తవ్వే పనికి మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపును గుంపే తీసుకుపోయేవాడు. తండాల నుంచి, పల్లెల నుంచి ఆడవాళ్లు పొద్దున్నే నడిచొచ్చి అరుగు కింద వేపచెట్టు నీడలో కూర్చునేవాళ్లు. బస్సు పన్నెండింటికి. డ్రైవరు పక్కనుంచి టప్పా సంచి కింద పడ్డ చప్పుడు వినగానే అందరూ లేచేవాళ్లు. సంచి విప్పి, ముద్రలు కొట్టి, పేరు పిలిచేసరికి రెండు.

మనియార్డరు ఫారం అడుగున చిన్న చీటీ ముక్క ఉండేది, కూపన్ అనేవాళ్లు. డబ్బు పంపినవాడు రెండు మాటలు రాయడానికి. డబ్బు ఇచ్చాక ఆ ముక్క చింపి చేతికిచ్చేవాళ్లు. డబ్బు కంటే ఆ ముక్కకే తాత దగ్గర క్యూ ఉండేది. అగ్గిపెట్టెకు రెండింతలు ఉంటుందేమో, అందులో ఎన్ని మాటలు పడతాయి? ఒకటి నాకు ఇప్పటికీ నోటికి వచ్చు, ఎందుకంటే తాత దాన్ని నాలుగుసార్లు చదవాల్సి వచ్చింది: 'బర్రె అమ్మొద్దు. సేటు డబ్బులు నేను వచ్చి కడత. పెద్దోన్ని బడి మానిపియ్యొద్దు. చలి బాగుంది.' నాలుగోసారి ఆమె "సలి బాగుందా, బాగలేదా?" అని అడిగింది. చలి ఎక్కువగా ఉందని అర్థం అన్నాడు తాత. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, జవాబు రాయమని, చెప్పింది ఒక్కటే: 'గొంగడి పంపుత, ఎవరొస్తున్నరో సెప్పు.'

తాతకు 'ఉభయకుశలోపరి' అంటే మంట. పదిహేను పైసల కార్డులో సగం దానికే పోతుంది, కడుపులో మాట చెప్పమనేవాడు. కానీ ముసలివాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు. క్షేమం అడగకుండా పైసలు అడిగితే కొడుకు ఏమనుకుంటాడు అని వాళ్ల బాధ.

తాత చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్పాలి. వలస పోయేవాళ్లు ఇంటి అడ్రసు చీటీ రాయించుకుని పోయేవాళ్లు, అక్కడ మనియార్డరు కట్టేటప్పుడు చూపించడానికి. తాత ఉర్దూలో ఒక వరస, వచ్చీరాని ఇంగ్లీషులో ఒక వరస రాసిచ్చేవాడు. ఒకతనికి హడావిడిలో కొత్తపల్లి, మహబూబ్‌నగర్ జిల్లా అని మాత్రం రాసి, పోస్టు ఏదో రాయడం మరిచాడు. మా జిల్లాలో కొత్తపల్లులు ఎన్నో! అరవై రూపాయల మనియార్డరు ఇంకో కొత్తపల్లికి పోయి, ఆ పేరు మనిషి లేడని తిరిగి బొంబాయి చేరి, మళ్లీ ఇక్కడికి వచ్చేసరికి దసరా పోయి దీపావళి వచ్చింది. అతని భార్య అన్నాళ్లూ రోజు విడిచి రోజు అరుగు దగ్గరికి వచ్చి ఏమీ అనకుండా కూర్చునేది. తిట్టినా బాగుండేది అనేవాడు తాత. నాయనమ్మకు తెలియకుండా నాలుగు కుంచాల జొన్నలు ఆమె ఇంటికి పంపాడు. నాయనమ్మకు తెలిసింది, అది వేరే కథ.

1972 పంద్రాగస్టున పిన్‌కోడు వచ్చింది. దేశమంతా ఒకే పేరు ఊర్లు, తెలియని లిపుల్లో అడ్రసులు, ఇదే గోస కాబట్టి శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే అధికారి ఈ ఆరంకెల పద్ధతి కనిపెట్టాడు. మొదటి అంకె దేశంలో ఏ వైపో చెబుతుంది, మనకు 5. మొదటి మూడూ కలిపితే ఉత్తరాలు విడదీసే జిల్లా, పాలమూరుకు 509, నల్లగొండకు 508. చివరి మూడు ఆ పోస్టాఫీసువి. చాలామంది చాలా ఏళ్లు దాన్ని పట్టించుకోలేదు. మా తాత మాత్రం మొదటి రోజు నుంచే పట్టుకున్నాడు. చీటీ మీద రాయడమే కాదు, పోయేవాళ్ల చేత అంకెలు నోటికి చెప్పించేవాడు. అక్షరం ముక్క రానివాళ్లు కూడా 'పాంచ్ సున్నా నౌ' అంటూ బస్సు ఎక్కేవాళ్లు.

ఆ అంకె మాత్రం ఇంతవరకూ మారలేదు. మిగతాదంతా మారింది. 1956లో హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ. 2016 అక్టోబరులో జిల్లాలు చీలితే నిన్నటిదాకా మహబూబ్‌నగర్ అని రాసుకున్నవాళ్లు కొందరు నాగర్‌కర్నూలు, కొందరు వనపర్తి అయ్యారు. నా షాపులో దరఖాస్తు నింపేటప్పుడు సగం గొడవ జిల్లా దగ్గరే. పిన్ కొట్టగానే కంప్యూటరు పాత జిల్లా చూపిస్తుంది, ఆధార్లో కొత్తది ఉంటుంది, రెండూ ఒప్పుకోదు.

టెలిగ్రాం సంగతి పెద్దగా రాయను. తార్ వచ్చిందంటే చావు కబురే అని జనం ముందే ఏడ్చేవాళ్లు, ఉద్యోగం వచ్చిందని తార్ వస్తే కూడా ఒకావిడ ఏడ్చి, విషయం తెలిశాక తార్ తెచ్చినాయన్ని తిట్టింది. 2013 జులైలో దేశమంతా ఆ సర్వీసు ఆగిపోయింది. మా దగ్గర అంతకు చాలా ముందే ఆ మూల టేబుల్ మీద దుమ్ము పేరుకుంది. పాత మనియార్డరు కూడా 2015లో పోయింది, ఎలక్ట్రానిక్‌ది మిగిలింది. ఇప్పుడు పూణేలో ఉన్నవాడు ఫోనులో కొడితే అర నిమిషంలో పడుతుంది. వాళ్ల అమ్మ నా షాపుకు వచ్చి మిషను మీద వేలిముద్ర పెట్టి తీసుకుంటుంది. రెండు వేలిస్తే నోట్లు లెక్కపెట్టుకుని, "ఏమన్న సెప్పిండా?" అని అడుగుతుంది. మిషనులో కూపన్ రాదు. "ఫోన్ చెయ్యమన్నడమ్మా" అంటాను. చెయ్యమన్నాడో లేదో నాకేం తెలుసు.

పోస్టాఫీసు బస్టాండు వైపు ఒక కొత్త షటరులోకి మారి కొన్నేళ్లయింది. టైల్సు, ఏసీ, కంప్యూటర్లు. బాగానే ఉంది. వాసన లేదు. మారినప్పుడు నాకు బాధేమీ వేయలేదు, అబద్ధం ఎందుకు, పార్కింగుకు చోటు దొరికిందని సంతోషించాను.

కూలగొట్టే రోజు ఓనర్లలో చిన్నాయన వచ్చి నిలబడ్డాడు. ఆయనకు ౧౩౬౩ చెక్క చూపించి, ఇది మీ తాతది, దాచుకోండి అన్నాను. చేత్తో తడిమి చూసి కారు డిక్కీలో పెట్టించాడు. నూటయాభై ఏళ్లు కాదని చెబితే, "హమ్మయ్య, ఎవరో పురావస్తు శాఖకు పెడతమని బెదిరించిన్రు" అన్నాడు.

జేసీబీ పన్ను తగలగానే గోడ అనుకున్నంత తేలిగ్గా పడలేదు. డంగు సున్నం. దాని ముందు మా కొత్త సిమెంటు గోడలు ఏ మూలకు? మధ్యాహ్నానికి దూలం దించారు. కొక్కెం నాకు కావాలని ముందే చెప్పిపెట్టాను. దూలం చెక్క చీల్చి కూలివాళ్లు లాగితే మూరెడు పొడవు వచ్చింది, లోపలి కొన మెలి తిప్పి ఉంది. నాలుగున్నర కిలోలు. పాత ఇనుము రేటు కట్టి మేస్త్రీకి ఇచ్చాను, చాయ్ వేరే. షాబాదు బండలు మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఇంట్లో వేసుకుంటే కాళ్లు జారుతాయి అన్నారు. ఇంకా అక్కడే ఎండలో ఉన్నాయి, మధ్యాహ్నం ఒంటిగంటకు గాలి ఇటు తిరిగితే షాపులోకి వాసన వస్తోంది.

బోర్డు మార్చుకో అన్నా, అని ఫ్లెక్సీ కొట్టే పిల్లగాడు రెండుసార్లు అడిగాడు. ఎదురుగా ఏమీ లేకుండా పాత పోస్టాఫీసు ఎదురుగా అని ఎట్లా రాస్తావు అని. నేను ఉండనీ అన్నాను. నిన్న ఆన్‌లైన్‌లో తెప్పించిన టోనరు తీసుకుని డెలివరీ అబ్బాయి ఫోన్ చేశాడు. ఊరికి కొత్త, గొంతులో టెన్షన్.

"అన్నా, పాత పోస్టాఫీసు అన్నరు, ఇక్కడ ఏం లేదు, ఖాళీ జాగా ఉంది."

"ఏమైనా వాసన వస్తుందా?"

"ఏందో నూనె వాసనొస్తుందన్నా."

"వచ్చేసినవ్. వెనక్కి తిరుగు."